జీటీపీని నింపేదెవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కణం పనులకి శక్తినిచ్చే, మూడు ఫాస్ఫేట్లున్న అణువు ఏటీపీ. దాన్ని కణంలోని మైటోకాండ్రియా ఎలా తయారుచేస్తుందో పోయిన సంచికలో రాశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చాలామటుకు తిరిగి తిరిగి ఒకే దగ్గరికి వచ్చాయి: ఏటీపీ సరే, జీటీపీ, యూటీపీ లాంటి మిగతావాటి సంగతేంటి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఒకే ఎంజైమ్‌కి ఇచ్చేశాం. దాని పూర్తి పేరు న్యూక్లియోసైడ్ డైఫాస్ఫేట్ కైనేజ్. ప్రతిసారీ అంత పేరు రాస్తే సగం పేజీ దానికే పోతుంది కాబట్టి ఇకనుంచి ఎన్‌డీపీకే అంటాను.

ప్రశ్న: మైటోకాండ్రియాలో తయారయ్యేది ఏటీపీ అని పుస్తకంలో ఉంది. ప్రోటీన్ తయారీ పాఠానికి వచ్చేసరికి జీటీపీ అంటారు, గ్లైకోజెన్ దగ్గర యూటీపీ అంటారు. ఇవన్నీ ఎక్కడినుంచి ఊడిపడ్డాయో ఏ పాఠంలోనూ లేదు. మా లెక్చరర్‌ని అడిగితే "అవి కణంలో ఉంటాయమ్మా" అన్నారు. – డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ అనుమానం సరైన చోటే పడింది. ఆక్సిజన్ వాడుకుని మైటోకాండ్రియా నింపేది రెండు ఫాస్ఫేట్లున్న ఏడీపీని, అంటే చేతికొచ్చేది మూడున్న ఏటీపీ. కానీ కణంలో జరిగే పనులు చూస్తే ఒక్కోటి ఒక్కో న్యూక్లియోటైడ్ (బేస్, చక్కెర, ఫాస్ఫేట్లు కలిసిన అణువు) కోసం పట్టుబడుతుంది. రైబోజోమ్ ప్రోటీన్ అల్లాలంటే జీటీపీ, కణపొరలకి కావలసిన ఫాస్ఫాటిడిల్‌కోలిన్ తయారవ్వాలంటే సీటీపీ, గ్లూకోజ్‌ని గ్లైకోజెన్‌గా దాచుకోవాలంటే యూటీపీ, డీఎన్‌ఏకి రెండో కాపీ తీయాలంటే డీఆక్సీ రకాలు నాలుగూ.

గ్లైకోజెన్ సంగతే కొంచెం దగ్గరగా చూడండి. గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ యూటీపీతో కలిసి యూడీపీ-గ్లూకోజ్ అవుతుంది. గ్లైకోజెన్ సింథేజ్ అందులోని గ్లూకోజ్‌ని గొలుసు చివర తగిలించి, మిగిలిన యూడీపీని వదిలేస్తుంది. ఇప్పుడు ఆ యూడీపీ దగ్గర రెండే ఫాస్ఫేట్లు ఉన్నాయి, దానితో ఇంకో గ్లూకోజ్‌ని పట్టుకోలేం, మూడోది ఎవరైనా ఇవ్వాలి. ఇక్కడే ఎన్‌డీపీకే వస్తుంది. ఏటీపీ చివర ఉన్న ఫాస్ఫేట్‌ని తీసి యూడీపీకి తగిలిస్తుంది. యూడీపీ మళ్లీ యూటీపీ అయింది, ఏటీపీ ఏడీపీ అయింది, ఆ ఏడీపీ మైటోకాండ్రియాకి వెళ్లి మళ్లీ నిండి వస్తుంది. యూడీపీ బదులు జీడీపీ, సీడీపీ ఏది పెట్టినా ఇదే కథ.

డీఎన్‌ఏ విషయంలో ఇంకొకటి కలుస్తుంది. మన కణాల్లో రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ రైబోజ్‌ని డీఆక్సీరైబోజ్‌గా మార్చేది డైఫాస్ఫేట్ దశలోనే, అంటే రెండు ఫాస్ఫేట్లు ఉన్నప్పుడు. దాన్నుంచి డీఏడీపీ, డీజీడీపీ, డీసీడీపీ వస్తాయి. థైమిన్‌ది వేరే దారి, కానీ అదీ చివరికి డీటీడీపీ దగ్గర ఆగుతుంది. డీఎన్‌ఏ పాలిమరేజ్‌కి మాత్రం మూడు ఫాస్ఫేట్లు ఉన్నవే కావాలి. కాబట్టి నాలుగు అక్షరాలకీ ఆ ఆఖరి మెట్టు ఎక్కించే పని ప్రధానంగా ఎన్‌డీపీకేదే. ఇంత పని చేసే దానికి చాలా పాఠ్యపుస్తకాల్లో ఒక లైను, మహా అయితే ఒక సమీకరణం దక్కుతుంది. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

ప్రశ్న: ఈ చర్య రెండు వైపులా జరుగుతుందనీ, సమతా స్థిరాంకం దాదాపు 1 అనీ చదివాను. అలాంటప్పుడు అది సగం దారిలో ఆగిపోవాలి కదా? ఏటీపీ నుంచి జీటీపీ వైపుకే ఎందుకు నడుస్తుంది? ఎవరు తోస్తున్నారు? – ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్న వేసినందుకు మీకో దండం. ఎన్‌డీపీకే గురించి నిజంగా అర్థం చేసుకోవాల్సింది ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ వివరాలు.

రెండు వైపులా నడిచే చర్య చివరికి ఎక్కడ నిలుస్తుందో చెప్పే అంకె సమతా స్థిరాంకం. ముందుగా అది 1 ఎందుకో చూద్దాం. ఏటీపీలో రెండో ఫాస్ఫేట్‌కీ మూడోదానికీ మధ్య ఉన్న బంధం, జీటీపీలో అదే చోట ఉన్న బంధం, రెండూ దాదాపు ఒకే శక్తి గలవి. ఒకటి తెంచి ఇంకోటి కట్టినందుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అందుకని ఎన్‌డీపీకే ఎంత పనిచేసినా శక్తి కొత్తగా పుట్టదు, పోదు. అది చేసేదల్లా నిష్పత్తుల్ని సమం చేయడం.

ఏ నిష్పత్తుల్ని? సగం సగం కాదు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. సమం అయ్యేది "మూడు ఫాస్ఫేట్లున్నవి ఎన్ని, రెండున్నవి ఎన్ని" అనే నిష్పత్తి. ఏటీపీకి ఏడీపీకి మధ్య ఎంత తేడా ఉందో, జీటీపీకి జీడీపీకి మధ్య కూడా అంతే తేడా వచ్చేదాకా చర్య నడుస్తుంది.

అంకెలు పెట్టి చూడండి, లెక్క తేలిగ్గా తేలడానికి ఊహించుకున్న అంకెలే. ఒక చోట ఏటీపీ 900, ఏడీపీ 90, జీడీపీ 10 ఉన్నాయి, జీటీపీ ఒక్కటీ లేదు. ఎన్‌డీపీకే వేసి వదిలేయండి. చివరికి తేలేది ఏటీపీ 891, ఏడీపీ 99, జీటీపీ 9, జీడీపీ 1. మొదట్లో ఖాళీగా ఉన్న పదింటిలో తొమ్మిది నిండిపోయాయి, స్థిరాంకం మాత్రం ఒక్కటే! ఏటీపీ:ఏడీపీ 9:1, జీటీపీ:జీడీపీ కూడా 9:1. ఏటీపీ వైపు తగ్గింది నూటికి ఒకటి, అది దానికి లెక్కలోకే రాదు.

కాబట్టి తోసేది ఎన్‌డీపీకే కాదు. ఏటీపీని ఏడీపీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంచుతున్న మైటోకాండ్రియా, గ్లూకోజ్‌ని విడగొట్టే గ్లైకోలిసిస్, ఇవీ తోస్తున్నవి. పైగా కణంలో న్యూక్లియోటైడ్లలో ఏటీపీదే సింహభాగం, మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, డీఆక్సీ రకాలైతే మైక్రోమోలార్ (మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు) స్థాయిలో ఉంటాయి. అందుకే చిన్న గుంపులన్నీ పెద్ద గుంపు నిష్పత్తిని అందుకోవడానికి ప్రయత్నిస్తాయి తప్ప పెద్దది చిన్నదాని దగ్గరికి దిగిరాదు.

తిరుగు దారి కూడా కణానికి పనికొస్తుంది. సిట్రిక్ యాసిడ్ చక్రంలో సక్సినైల్-కోఏ సింథటేజ్‌లో ఒక రకం జీటీపీని తయారుచేస్తుంది. మైటోకాండ్రియాలో ఉన్న ఎన్‌డీపీకే ఆ జీటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఏడీపీకి ఇవ్వగలదు. పరీక్షలో "ఒక చక్రానికి ఎన్ని ఏటీపీలు" అని లెక్కేసేటప్పుడు జీటీపీని ఏటీపీతో సమానంగా వేసుకోండి అంటారు కదా, ఆ వెసులుబాటు వెనక ఉన్నది ఈ ఎంజైమే.

ప్రశ్న: ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు ఏటీపీ తన శక్తిని జీడీపీకి అందిస్తుంది అని ఒక వీడియోలో చెప్పారు. ఈ పోలిక సరైనదేనా?

జవాబు: వినడానికి బాగుంది గానీ సరికాదు. దీపంతో దీపం వెలిగిస్తే మొదటిది ఆరదు. ఇక్కడ మొదటిది ఆరిపోతుంది. పోయింది వెలుగు లాంటిది కాదు, ఒక ఫాస్ఫరస్ పరమాణువు, దానికి అంటుకున్న ఆక్సిజన్లు, అంటే అచ్చంగా ఒక వస్తువు చేతులు మారింది. ఇంకో తేడా కూడా ఉంది, ఏటీపీ, జీడీపీ ఒకదాన్నొకటి కలుసుకోనే కలుసుకోవు.

ఎంజైమ్‌లో న్యూక్లియోటైడ్ కూర్చునే చోటు ఒక్కటే. ముందు ఏటీపీ వచ్చి, మెగ్నీషియంతో సహా, అందులో సర్దుకుంటుంది. ఆ గుంట అడుగున ఒక హిస్టిడిన్ ఉంటుంది, మనిషి ఎన్‌డీపీకేలో అయితే 118వ అమైనో ఆమ్లం. ఆ హిస్టిడిన్ నైట్రోజన్ ఏటీపీ చివరి ఫాస్ఫేట్ మీదికి నేరుగా వెళ్లి దాన్ని తనకు తగిలించుకుంటుంది. ఏడీపీ బయటికి వెళ్లిపోతుంది. ఇప్పుడు ఎంజైమ్ ఒక్కటే ఉంది, ఫాస్ఫేట్ దాని ఒంటి మీదే ఉంది. ఆ తర్వాత ఖాళీ అయిన అదే చోటులోకి జీడీపీ వస్తుంది, ఫాస్ఫేట్ తీసుకుని జీటీపీగా వెళ్తుంది, హిస్టిడిన్ మళ్లీ మామూలైపోతుంది. ఒకటి వెళ్లాక ఒకటి రావడమే తప్ప రెండూ కలిసి ఎంజైమ్ మీద ఉండవు. ఈ తరహాకి ఎంజైమ్ శాస్త్రంలో పింగ్‌పాంగ్ పద్ధతి అని పేరు. హెక్సోకైనేజ్ లాంటివి ఇలా కాదు, అక్కడ ఏటీపీ, గ్లూకోజ్ రెండూ పక్కపక్కన కూర్చుని ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఇదంతా సెకనుకి వెయ్యి సార్ల ప్రాంతంలో జరుగుతుంది, ఒక్కో యాక్టివ్ సైట్ దగ్గర. హిస్టిడిన్‌ని తీసి అక్కడ వేరే అమైనో ఆమ్లం పెడితే పని దాదాపు పూర్తిగా ఆగిపోతుంది, అందుకే ల్యాబుల్లో "పనిచేయని ఎన్‌డీపీకే" కావాలంటే అందరూ ముందు మార్చేది ఆ 118నే.

ప్రశ్న: ఎంజైమ్‌లు తాళం-తాళంచెవిలా చాలా కచ్చితంగా ఎంచుకుంటాయి అంటారు. మరి ఇది ఏ న్యూక్లియోటైడ్‌నైనా ఎలా రానిస్తోంది?

జవాబు: దీని సామర్థ్యమంతా ఆ పట్టింపు లేకపోవడంలోనే ఉంది. ఏ, జీ, సీ, యూ, టీ అని తేడా చూపే భాగం బేస్. చాలా కైనేజ్‌లలో ఆ బేస్ లోపలి గుంటలోకి వెళ్తుంది, ప్రోటీన్ దాన్ని హైడ్రోజన్ బంధాలతో తడిమి గుర్తుపడుతుంది. ఎన్‌డీపీకేలో కూర్చునే తీరు తిరగబడింది. ఫాస్ఫేట్లు లోపలికి, బేస్ బయటి అంచుకి. అక్కడ బేస్‌కి ఒక వైపు ఫెనైల్‌అలనిన్ 60, ఇంకోవైపు వాలిన్ 112 ఉండి మధ్యలో నొక్కి పట్టుకుంటాయి, అంతే. బల్లపరుపుగా ఉంటే చాలు, ఏ బేస్ అయినా వాటికి ఒకటే. అది ఎవరో అడగవు.

చక్కెర దగ్గర మాత్రం ఒక పట్టింపు ఉంది, దాని గురించి తర్వాతి జవాబులో చెప్తాను, ఎందుకంటే మందుల కథ అక్కడే మలుపు తిరుగుతుంది.

ప్రశ్న: కొన్ని యాంటీవైరల్ మందులు శరీరంలోకి వెళ్లాకే "యాక్టివేట్" అవుతాయంటారు. వాటికీ ఈ ఎంజైమ్‌కీ సంబంధం ఉందా? – ఫార్మసీ విద్యార్థి

జవాబు: ఉంది, గట్టిగానే. న్యూక్లియోసైడ్ అనలాగ్ అని పిలిచే యాంటీవైరల్ మందులు చాలామటుకు వైరస్ పాలిమరేజ్‌ని (వైరస్ జన్యువుల కాపీ తీసే ఎంజైమ్‌ని) మోసం చేసే నకిలీ అక్షరాలు. కానీ పాలిమరేజ్ మూడు ఫాస్ఫేట్లున్నదాన్నే ముట్టుకుంటుంది. మూడు ఫాస్ఫేట్లతో మాత్ర తయారు చేసి ఇద్దామంటే అంత ఛార్జ్ ఉన్న అణువు కణపొర దాటి లోపలికి పోదు. అందుకని ఫాస్ఫేట్లు లేకుండా పంపి, లోపల కణం ఎంజైమ్‌ల చేతే ఒక్కొక్కటిగా పెట్టించుకోవాలి.

హెర్పిస్‌కి ఇచ్చే ఎసైక్లోవిర్ తీసుకోండి. మొదటి ఫాస్ఫేట్ పెట్టేది వైరస్‌కి సొంతమైన థైమిడిన్ కైనేజ్, అందుకే వైరస్ సోకని కణాల్లో ఆ మందు పెద్దగా మేలుకోదు. రెండోది కణంలోని గ్వానిలేట్ కైనేజ్ పెడుతుంది. మూడో ఫాస్ఫేట్ పెట్టే కణం ఎంజైమ్‌లలో ఎన్‌డీపీకే ఒకటి. హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్‌కి కూడా మూడు మెట్లే, కాకపోతే దానికి రెండో మెట్టు దగ్గరే పెద్ద ఆలస్యం, థైమిడిలేట్ కైనేజ్ దాన్ని చాలా నెమ్మదిగా తీసుకోవడంతో ఒక ఫాస్ఫేట్ ఉన్న రూపం కణంలో పేరుకుపోతుంది.

ఇందాక చెప్తానన్న పట్టింపు ఏంటంటే, చక్కెర మీద 3′ స్థానంలో ఉండే ఓహెచ్. మామూలు న్యూక్లియోటైడ్లలో ఆ ఓహెచ్ లోపలికి తిరిగి, తెగబోయే బంధంలోని ఆక్సిజన్‌కి హైడ్రోజన్ బంధంతో సాయం చేస్తుంది. అంటే ఈ చర్యలో న్యూక్లియోటైడ్ తన పనిలో తానే ఒక చెయ్యి వేస్తుంది. జిడోవుడిన్‌లో ఆ ఓహెచ్ లేదు, దాని బదులు అజైడో ఉంది. గొలుసు అక్కడితో ఆగిపోవాలని కావాలనే అలా చేశారు, మందు పనిచేయడానికి కారణమే అది. అదే కారణంతో ఎన్‌డీపీకే దాన్ని వేల రెట్లు నెమ్మదిగా తీసుకుంటుంది. ఒకే మార్పు ఒకచోట వరం, ఇంకోచోట శాపం. హెపటైటిస్ సీకి వాడే సోఫోస్బువిర్‌లో 3′ ఓహెచ్ అలాగే ఉంచి, మార్పులు 2′ స్థానంలో చేశారు, మొదటి ఫాస్ఫేట్‌ని కూడా ముసుగు వేసి ముందే తగిలించి పంపారు. కణం లోపల ముసుగు తీశాక రెండోది యూఎంపీ-సీఎంపీ కైనేజ్, మూడోది ఎన్‌డీపీకే పెడతాయి.

ప్రశ్న: ఎవరు కనిపెట్టారు?

జవాబు: 1953లో రెండు చోట్ల విడివిడిగా. ఒకవైపు హాన్స్ క్రెబ్స్, రెజినాల్డ్ హెమ్స్, వాళ్లు పావురం ఛాతీ కండరంతో పనిచేశారు. ఇంకోవైపు పాల్ బెర్గ్, జోక్లిక్. క్రెబ్స్‌కి అదే ఏడాది నోబెల్ వచ్చింది, కానీ దీనికి కాదు, ఆయన పేరుతోనే పిలిచే సిట్రిక్ యాసిడ్ చక్రానికి. బెర్గ్‌కి 1980లో వచ్చింది, అదీ దీనికి కాదు, రీకాంబినెంట్ డీఎన్‌ఏ పనికి.

ప్రశ్న: ఎడినైలేట్ కైనేజ్, ఎన్‌డీపీకే రెండూ ఒకటేనా? పరీక్షలో ఎప్పుడూ తికమకే. ఆ రోజు టెన్షన్‌లో రెండూ కలిపి రాసేస్తున్నాను.

జవాబు: రెండూ న్యూక్లియోటైడ్ల మధ్య ఫాస్ఫేట్ మార్చేవే, అందుకే తికమక. ఎడినైలేట్ కైనేజ్ ఏఎంపీకి, ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ ఇచ్చి రెండు ఏడీపీలు చేస్తుంది, లేదా తిరగేసి, రెండు ఏడీపీల నుంచి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేస్తుంది. అంటే అది ఒక ఫాస్ఫేట్ ఉన్నదాన్ని రెండుకి తీసుకెళ్లేది. ఎన్‌డీపీకే రెండున్నదాన్ని మూడుకి తీసుకెళ్లేది. మొదటి మెట్టు ఎంజైమ్‌లకి పట్టింపు ఎక్కువ, ఏఎంపీకి ఒకటి, జీఎంపీకి ఒకటి, యూఎంపీ-సీఎంపీలకి ఒకటి. రెండో మెట్టుకి వచ్చేసరికి అందరికీ కలిపి ఒక్కటే. పరీక్షకి ఇంతవరకు గుర్తుంటే చాలు.

మార్కుల్ని పక్కనపెడితే, ఎడినైలేట్ కైనేజ్ తిరుగు దారి చాలా తెలివైనది. కండరం గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఏటీపీ ఖర్చయి ఏడీపీ పోగవుతుంది. ఈ ఎంజైమ్ రెండు ఏడీపీలని కలిపి ఇంకో ఏటీపీ పిండుతుంది, పక్కన ఏఎంపీ మిగులుతుంది. మామూలుగా కణంలో ఏఎంపీ చాలా తక్కువ, అందుకని ఏటీపీ కొద్దిగా తగ్గినా ఏఎంపీ ఎన్నో రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదలని ఏఎంపీకే అనే ఇంకో ఎంజైమ్ పసిగట్టి, శక్తి ఖర్చు పెట్టే పనుల్ని తగ్గిస్తుంది, శక్తి తెచ్చే పనుల్ని పెంచుతుంది. 1943లో కోలోవిక్, కల్కర్ దీని గురించి రాసినప్పుడు కండరంలో దొరికింది కాబట్టి మయోకైనేజ్ అన్నారు. ఆ కల్కర్ దగ్గరే, కోపెన్‌హాగన్‌లో, పాల్ బెర్గ్ కొంతకాలం పనిచేశాడు.

ప్రశ్న: ఎన్‌ఎమ్23 అనే జన్యువు క్యాన్సర్ పాకకుండా ఆపుతుందనీ, అది ఈ ఎంజైమ్‌దేననీ చదివాను. మరి దీన్ని పెంచే మాత్రలు ఏమైనా ఉన్నాయా?

జవాబు: మాత్రలు లేవు. ఎవరైనా "ఎన్‌ఎమ్23 బూస్టర్" అని అమ్మితే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

జన్యువు సంగతి మాత్రం నిజమే, కాకపోతే చదివినంత సూటిగా లేదు. 1988లో అమెరికాలో ప్యాట్రీషియా స్టీగ్ బృందం ఎలుక మెలనోమా కణాల్ని పోల్చి చూసింది. ఒంట్లో ఇతర చోట్లకి బాగా పాకే రకాల్లో ఒక జన్యువు తక్కువగా పనిచేస్తోంది, అంతగా పాకని రకాల్లో ఎక్కువగా పనిచేస్తోంది. దానికే ఎన్‌ఎమ్23 అని పేరు. ఇంచుమించు అదే కాలంలో పండ్ల ఈగల మీద పనిచేసేవాళ్లకి, పాడైతే రెక్కలు తయారవ్వాల్సిన కణజాలం చెడిపోయే ఏడబ్ల్యూడీ అనే జన్యువు దొరికింది. రెండూ పోల్చి చూస్తే ఒకే కుటుంబం. ఆ తర్వాత తేలిందేమిటంటే రెండూ ఎన్‌డీపీకేలే. కణం మామూలు ఇంటిపని చేసుకునే ఎంజైమ్ అని అందరూ ఓ మూలన పెట్టేసినది ఒక్కసారిగా క్యాన్సర్ సదస్సుల్లో మాట్లాడుకునే విషయమైపోయింది.

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఎన్‌ఎమ్23 ఎక్కువగా ఉంటే అన్ని క్యాన్సర్లలోనూ మంచిదే అనుకోవడానికి లేదు. పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమాలో ముదిరిన రకాల్లో ఇది ఎక్కువగా కనబడింది, అంటే కథ తలకిందులైంది. పైగా పాకడాన్ని ఆపే గుణానికి, ఫాస్ఫేట్ మార్చే గుణానికి సూటిగా లంకె కుదరలేదు. ఈగల్లో చేసిన ప్రయోగాలు కూడా ఇదే చెప్పాయి: ఎంజైమ్ పని లేకపోతే ఈగ బతకదు, కానీ ఆ పని ఒక్కటీ ఉంటే సరిపోదు, ఆ ప్రోటీన్ ఇంకేదో కూడా చేస్తోంది.

ఈగల్లోనే ఇంకో వింత ఉంది, చెప్పకుండా ఉండలేను. ప్రూన్ అనే జన్యువు పాడైతే ఈగ కళ్ల రంగు మారుతుంది, అంతకుమించి దానికేమీ కాదు. 1956లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ ఒక మ్యుటేషన్ గురించి రాశాడు, అది ఒక్కటే ఉంటే ఈగకి ఏమీ కాదు. రెండూ ఒకే ఈగలో కలిశాయా, చచ్చిపోతుంది. అందుకే దానికి "కిల్లర్ ఆఫ్ ప్రూన్" అని పేరు పడింది. ఎన్నో ఏళ్ల తర్వాత చూస్తే ఆ కిల్లర్, ఏడబ్ల్యూడీలో 97వ స్థానంలో ప్రోలిన్ బదులు సెరిన్ రావడమే. ఒక్క అమైనో ఆమ్లం మారడం!

"ఇంకేదో" అన్న దానికి ఒక మంచి జవాబు 2014లో వచ్చింది. కణపొర లోపలికి ముడుచుకుని చిన్న సంచిలా తెగి పడాలంటే డైనమిన్ అనే ప్రోటీన్ దాని మెడ చుట్టూ బిగుసుకుని జీటీపీ ఖర్చు పెట్టి తెంపుతుంది. కణం నిండా జీటీపీ ఉన్నా, డైనమిన్ దాన్ని చాలా వేగంగా తినేస్తుంది కాబట్టి ఆ కొద్ది చోటులో కరువు వస్తుంది. ఎన్‌డీపీకే సరిగ్గా డైనమిన్ పక్కనే ఉండి, అక్కడికక్కడే జీడీపీని జీటీపీ చేసి ఇస్తోందని ఆ పరిశోధన చూపించింది. నాకు ఇది నచ్చడానికి కారణం, ఇది ఇందాకటి నిష్పత్తుల లెక్కని కాదనడం లేదు, లెక్క కణం మొత్తానికే కాక చోటుని బట్టి కూడా వేయాలంటోంది.

మనిషిలో ఈ కుటుంబానికి పది జన్యువులున్నాయి, ఎన్‌ఎమ్‌ఈ1 (ఎన్‌ఎమ్23కి ఇప్పటి పేరు) నుంచి వరుసగా అంకెలు. మొదటి రెండూ కణంలో ఎన్‌డీపీకే పనిలో ఎక్కువ భాగం చూస్తాయి, ఒక్కో గొలుసు 152 అమైనో ఆమ్లాలు, ఆరు గొలుసులు కలిసి ఒక గుత్తి. నాలుగోది మైటోకాండ్రియాలో ఉంటుంది.

ప్రశ్న: ఇంత ముఖ్యమైనదైతే ఈ జన్యువు తీసేసిన బ్యాక్టీరియా చచ్చిపోవాలి కదా? ఈ.కొలై బతికే ఉంటుందట?

జవాబు: బతుకుతుంది. ఈ.కొలైలో దాని పేరు ఎన్‌డీకే, తీసేసినా కాలనీలు మామూలుగానే పెరుగుతాయి. కారణం ఇందాక మాట్లాడుకున్న ఎడినైలేట్ కైనేజ్. అసలు పని వేరే అయినా, అవసరమొస్తే ఇతర డైఫాస్ఫేట్లకీ ఫాస్ఫేట్ ఇవ్వగలదని మసయోరి ఇనోయె బృందం 1996లో చూపింది. కాకపోతే సర్దుబాటు సర్దుబాటే. డీఎన్‌ఏ అక్షరాల నిల్వలు తారుమారవుతాయి, డీసీటీపీ బాగా పెరిగిపోతుంది, దాంతో కాపీ తీసేటప్పుడు తప్పులు ఎక్కువై మ్యుటేషన్లు పెరుగుతాయి. ప్రాణం పోలేదు గానీ రాతలో తప్పులు దొర్లుతున్నాయన్నమాట. "తీసేస్తే చావలేదు కాబట్టి అవసరం లేదు" అనే వాదన జీవశాస్త్రంలో తరచూ వింటాం, దానికి ఇంతకన్నా మంచి సమాధానం నాకు దొరకలేదు.

ప్రశ్న: ప్రాజెక్ట్‌లో ఎన్‌డీపీకే అస్సే (ఎంజైమ్ వేగం కొలిచే పరీక్ష) చేస్తున్నాను. పైరువేట్ కైనేజ్, లాక్టేట్ డీహైడ్రోజనేజ్ కలిపి 340 నానోమీటర్ల దగ్గర చూస్తున్నాం. మా ఎంజైమ్ ఇంకా వేయనే లేదు, అప్పుడే రీడింగ్ పడిపోతోంది. గైడ్ నా పిపెట్టింగ్ మీద అనుమానపడుతున్నారు. ఇంకొకటి, హిస్టిడిన్ మీద ఫాస్ఫేట్ ఉన్నట్టు జెల్‌లో చూపిద్దామంటే ఏమీ కనబడటం లేదు.

జవాబు: పిపెట్టింగ్‌ని కాసేపు వదిలేయండి. ఈ అస్సేలో మీరు కొలిచేది ఎన్‌డీపీకే వదిలిన ఏడీపీని. ఏటీపీ నుంచి టీడీపీకి (ఇందాకటి డీటీడీపీయే) ఫాస్ఫేట్ వెళ్తే ఏడీపీ వస్తుంది, పైరువేట్ కైనేజ్ దాన్ని మళ్లీ ఏటీపీ చేస్తూ పైరువేట్ ఇస్తుంది, ఆ పైరువేట్‌ని లాక్టేట్‌గా మార్చేటప్పుడు ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది, 340 దగ్గర పడిపోయేది అదే. కాబట్టి గొట్టంలో ముందునుంచే ఏడీపీ ఉంటే మీ ఎంజైమ్ లేకుండానే రీడింగ్ పడుతుంది. సీసాలో ఏటీపీ పాతదైతే, లేదా పదేపదే కరిగించి గడ్డకట్టిస్తుంటే, అందులో ఏడీపీ ఉండే తీరుతుంది.

ఎన్‌డీపీకే తప్ప మిగతావన్నీ కలిపి, గీత సమంగా నడిచేదాకా ఆగండి. ముందున్న ఏడీపీ అయిపోగానే పడటం ఆగాలి, అప్పుడు ఎంజైమ్ వేయండి. ఎంత ఆగినా నెమ్మదిగా జారుతూనే ఉంటే టీడీపీ లేకుండా ఒకసారి చేసి చూడండి. అప్పుడూ జారితే ఎక్కడో ఏటీపీయేజ్ (ఏటీపీని ఏడీపీగా విడగొట్టే ఎంజైమ్) కలిసింది. టీడీపీ ఉన్నప్పుడే జారితే మీరు కొన్న పైరువేట్ కైనేజ్‌లోనో, రెండోదానిలోనో ఎన్‌డీపీకే కొంచెం కలిసి వచ్చిందని అర్థం, ఆ వాలుని మీ అసలు రీడింగ్ నుంచి తీసేయాలి. పైరువేట్ కైనేజ్‌కి పొటాషియం కావాలి, బఫర్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఎన్‌డీపీకే చాలా వేగమైనది, కాబట్టి చాలా పలుచన చేసి వేయాలి. అంత పలుచనలో అది గొట్టం గోడలకి అంటుకుపోతుంది, డైల్యూషన్ బఫర్‌లో కాస్త సీరం ఆల్బుమిన్ వేయండి. ఎంజైమ్ రెట్టింపు వేస్తే వేగం కూడా రెట్టింపు కావాలి, అలా కాకపోతే మీరు కొలుస్తున్నది ఎన్‌డీపీకేని కాదు, వెనకబడిపోయిన కప్లింగ్ ఎంజైమ్‌లని, అంటే పైరువేట్ కైనేజ్, లాక్టేట్ డీహైడ్రోజనేజ్‌లని. లెక్కకి ఎన్‌ఏడీహెచ్ కాంతి శోషణ స్థిరాంకం 6220 వాడండి: ఒక సెంటీమీటర్ క్యువెట్‌లో నిమిషానికి 0.0622 పడితే నిమిషానికి 10 మైక్రోమోలార్ అని.

ఇక జెల్ సంగతి. హిస్టిడిన్ మీద ఉన్న ఫాస్ఫేట్ నైట్రోజన్‌కి తగులుకుని ఉంటుంది, సెరిన్ మీద లాగా ఆక్సిజన్‌కి కాదు. నైట్రోజన్-ఫాస్ఫరస్ బంధం ఆమ్లం తగిలితే నిలవదు, వేడికీ ఓర్చుకోదు. మీరు శాంపిల్‌ని మరగబెట్టి, ఆ తర్వాత ఎసిటిక్ యాసిడ్ ఉన్న ద్రావణంలో జెల్‌ని నానబెడితే ఫాస్ఫేట్ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. మరగబెట్టకండి, శాంపిల్ బఫర్‌ని క్షార వైపు ఉంచండి, యాసిడ్‌తో ఫిక్స్ చేసే దశ ఎత్తేయండి, రేడియో ఫాస్ఫరస్ వాడుతుంటే జెల్‌ని చల్లటి చోట తొందరగా ఆరబెట్టి ఫిల్మ్ పెట్టండి. పక్కన హిస్టిడిన్ 118 మార్చిన ప్రోటీన్‌ని కూడా ఒక లేన్‌లో నడపండి, అక్కడ గీత రాకుండా మీ అసలు లేన్‌లో వస్తే గైడ్‌కి అదే చూపించండి.